పాత నూలు చీరలతో బొంత కుట్టడం ఎలా

బెంగళూరు చలికి రజాయి ఎక్కువ, ఒంటి దుప్పటి తక్కువ. జనవరి తెల్లవారుజామున పదిహేను డిగ్రీల దగ్గర ఆగిపోయే చలి ఇది. నాలుగు పొరల నూలు బొంత దీనికి సరిగ్గా సరిపోతుంది. కావలసిన బట్ట కూడా చాలా ఇళ్లలో బీరువా అడుగున ఉండనే ఉంటుంది: అమ్మో అత్తగారో కట్టి వదిలేసినవి, పారేయడానికి చేతులు రానివి, ఇంకొకరికి ఇవ్వడానికి మొహమాటమైనవి.

ఇక్కడ చెప్పేది ఒక మనిషి కప్పుకునే బొంత. వెడల్పు 1.5 మీటర్లు, పొడవు సుమారు 2.15 మీటర్లు. అంతా చేతికుట్టే. రోజూ గంటన్నర కూర్చుంటే దాదాపు మూడు వారాల పని. సంక్రాంతికి కప్పుకోవాలంటే డిసెంబరు మొదట్లోనే చీరలు బయటికి తీయండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కుట్టు వంకర పోతుందని భయపడతారు. పోనివ్వండి, వంకర కుట్టు వల్ల బొంతకు వచ్చే నష్టమేమీ లేదు. రెండేళ్లకే బొంత చిరిగిందంటే, ఉతగ్గానే ఒక పక్కకు గుంజుకుపోయిందంటే, తప్పు దాదాపు ఎప్పుడూ సూదిలో దారం ఎక్కించకముందే జరిగి ఉంటుంది. బట్ట ఎంచుకోవడం, ఉతకడం, పరవడం, ఈ మూడూ సరిగ్గా కుదిరితే మిగిలింది ఓపికే. అందుకే ఈ మూడింటి గురించి ఎక్కువగా చెబుతున్నాం.

చీరలు ఏరుకోవడం

నూలు చీరలే తీసుకోండి. పాలియెస్టరు కలిసిన బట్ట చెమట పీల్చదు, పక్క పొరమీద జారుతుంది. ఉతికినప్పుడు నూలు కొంచెం కుంచించుకుపోతుంది, అది కుంచించుకుపోదు. ఆ తేడా వల్లే ఒకటి రెండు ఉతుకుల తర్వాత బొంత ఉబ్బులు ఉబ్బులుగా తేలుతుంది. పట్టు చీరలూ వద్దు. పాత పట్టు మడతల దగ్గర పగిలిపోతుంది, సూది పోటుకు ఇంకా త్వరగా చీలుతుంది.

చీర నూలుదో కాదో అనుమానంగా ఉంటే అంచు దగ్గర నాలుగు పోగులు లాగి, స్టీలు పళ్లెంలో పెట్టి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్లతో నలిపితే మెత్తని బూడిద అవుతుంది. సింథటిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పడుగుపోగులు (నిలువువి), పేకపోగులు (అడ్డంవి) వేరువేరుగా కాల్చాలి. పడుగు నూలుతో, పేక పాలియెస్టరుతో నేసిన చీరలు బజారులో ఎన్నో ఉన్నాయి.

తర్వాత బలం చూడండి. చీరను రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి లాగండి. చిటుక్కున చీలితే ఆ భాగం అయిపోయినట్టే. కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఎక్కడెక్కడ పలచబడిందో కనిపిస్తుంది. కూర్చునే చోట, కుచ్చిళ్లు దోపే చోట బట్ట ముందుగా అరుగుతుంది. ఇలా చూస్తూ చీరలను మూడు కుప్పలు చేయండి. గట్టిగా, మెత్తగా ఉన్నవి పై పొరకూ కింది పొరకూ. రంగు వెలిసి, కొంచెం అరిగినా చీలనివి మధ్య పొరలకు. లాగితే చీలేవి పొరలుగా పనికిరావు. వాటిలో రెండు చీరలకు మాత్రం పై అంచు దాచి ఉంచండి, చివర్లో అవసరం పడుతుంది.

వెంకటగిరి లాంటి సన్నని నేత పాతబడ్డాక వెన్నలా అవుతుంది, ఒంటికి తగిలే కింది పొరకు అదే మంచిది. మంగళగిరి నేత బరువుగా, గట్టిగా ఉంటుంది కాబట్టి మధ్యకు బావుంటుంది. ఈ ఊళ్లో చాలామంది ఇళ్లలో ఇల్కల్ చీరలు కూడా ఉంటాయి. వాటిలో ఒళ్లు నూలుదే అయినా, కొంగు పట్టుతో గానీ ఆర్ట్ సిల్కుతో గానీ నేసి ఒంటికి ముడిపెట్టినదై ఉంటుంది, అంచు కూడా తరచుగా అలాంటిదే. కొంగు, అంచు తీసేసి ఒళ్లు మాత్రం వాడుకోండి. ఏ చీరకైనా జరీ అంచు ఉంటే తీసేయాల్సిందే. నిద్రలో మెడకు గీసుకుంటుంది.

లెక్క

రవికె గుడ్డ పోగా చీర పొడవు దాదాపు 5.5 మీటర్లు, పన్నా 1.15 మీటర్ల దాకా ఉంటుంది. కొంగు వదిలేసి, చీర పొడవులో 1.55 మీటర్ల ముక్కలు మూడు తీయండి. అలాంటి ముక్కలు రెండు, పన్నాకు పన్నా కలిపితే 1.55 మీటర్ల వెడల్పు, 2.27 మీటర్ల పొడవు వస్తుంది. అది ఒక పొర. చుట్టూ వృథా పోగా మనక్కావలసిన కొలత దక్కుతుంది.

మూడు చీరలకు తొమ్మిది ముక్కలు. నాలుగు పొరలకు ఎనిమిది చాలు, ఒకటి మిగులుతుంది. చలి ఎక్కువనుకునేవాళ్లు, నంది హిల్స్ వైపు ఇల్లున్నవాళ్లు ఆరు పొరలు వేసుకోవచ్చు, దానికి నాలుగు చీరలు. ఆరు దాటవద్దు. ఏడో పొర నుంచి సూది ఒక్క పోటుకు దిగదు, చేతికుట్టు శిక్షగా మారుతుంది. నాలుగు పొరల బొంత ఆరాక కిలోకు అటూ ఇటూ తూగుతుంది.

ఉతకడం

ముందు ఫాల్ విప్పేయండి. ఫాల్ చాలావరకు పాలియెస్టరే, పైగా దాని కింద ఏళ్ల తరబడి మట్టి చేరి ఉంటుంది. తర్వాత చీరలను గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున రెండుసార్లు ఉతకండి. గంజి పూర్తిగా పోవాలి. గంజి ఉన్న బట్టలో సూది బిగుసుకుంటుంది. అంతకంటే ముఖ్యం, గంజి మిగిలిన బొంతను వెండిపురుగులు వెతుక్కుంటూ వస్తాయి.

కావేరి నీళ్లు రాక బోరునీళ్లతో నడిచే అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు ఉంది. ఆ ఉప్పునీళ్లలో బట్టల సబ్బు వాడితే తెల్లని మడ్డి పోగుల్లో పేరుకుని బట్ట అట్టలా అవుతుంది. సబ్బు బదులు డిటర్జెంటు వాడి, జాడించడం ఇంకోసారి ఎక్కువ చేయండి.

రంగు దిగుతుందేమో ఇప్పుడే తేల్చుకోవాలి. తడి చీర మూలను తెల్లగుడ్డలో చుట్టి, పైన బరువు పెట్టి అరగంట ఉంచండి. గుడ్డకు రంగు అంటితే మళ్లీ ఉతకండి, అంటనంతవరకూ ఉతుకుతూనే ఉండండి. ముదురు ఎరుపు, నీలం, నలుపు ఎక్కువగా మొండికేస్తాయి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందనే మాటను నమ్ముకోవద్దు. ఎప్పుడో అద్దిన రంగును ఇప్పుడు ఉప్పు పట్టి ఉంచదు. నాలుగు ఉతుకులైనా దిగుతున్న చీరను పక్కన పెట్టేయండి, లేకపోతే మొదటి ఉతుకుకే తెల్లని కింది పొర గులాబీ రంగు తేలుతుంది.

పై పొరకు కొత్త నూలు గుడ్డ కొని వేయాలనుకుంటే దాన్నీ ఇలాగే రెండుసార్లు ఉతికి ఆరవేయాలి. కొత్త నూలు మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, పాత చీర ఆ పని ఎప్పుడో ముగించుకుంది.

కొనాల్సినవి

కొనాల్సింది తక్కువే: దారం, రెండు మూడు సూదులు, వేలికి తొడుక్కునే లోహపు టోపీ, చిన్న పిన్నీసులు, ఒక మాస్కింగ్ టేపు చుట్ట, దర్జీ సుద్ద. దారాల దుకాణాలు చిక్‌పేట, అవెన్యూ రోడ్డు సందుల్లో వరుసగా ఉంటాయి. మెట్రోలో చిక్‌పేట స్టేషన్లో దిగి నడిచిపోవచ్చు. ఆదివారం వెళ్లకండి, చాలావరకు మూసి ఉంటాయి. ‘సూజి, దార’ అంటే చాలు, తెలుగులో అడిగినా చాలా చోట్ల తెలుగులోనే జవాబొస్తుంది.

దారం నూలుదే కావాలి. మిషను మీద వాడే పాలియెస్టరు దారం బట్టకంటే గట్టిది. లాగినప్పుడు దారం తెగకుండా పాత బట్టనే కోసేస్తుంది. బొంతలో దారం తెగితే మళ్లీ కుట్టుకోవచ్చు, బట్ట తెగితే ఏం చేస్తాం? 8 నంబరు పర్ల్ కాటన్ దారం ఈ పనికి బావుంటుంది, 85 మీటర్ల ఉండలుగా దొరుకుతుంది. కుట్ల వరుసల మధ్య బొటనవేలి వెడల్పు, అంటే 2.5 సెంటీమీటర్లు వదిలితే అరవై వరుసలు వస్తాయి. వరుస 2.15 మీటర్లు. మొత్తం 129 మీటర్ల కుట్టు. దారం పైకీ కిందికీ పోవడానికీ ముడులకూ అయిదో వంతు కలుపుకుంటే దాదాపు 155 మీటర్లవుతుంది. రెండు ఉండలు సరిపోతాయి, అదే రంగువి మూడు కొనుక్కుంటే నిశ్చింత. తర్వాత వెళ్తే ఆ రంగు దొరుకుతుందన్న హామీ లేదు.

సూది పొడవుగా, సన్నగా, కన్ను పెద్దదిగా ఉండాలి. ఎంబ్రాయిడరీ సూదుల్లో 3, 4, 5 నంబర్లు చూడండి. దబ్బనం గోనెసంచులకు. అరిగిన చీరలో అది చేసే కన్నం మళ్లీ పూడదు.

ముక్కలు చేయడం, అతకడం

ఇస్త్రీ చేశాక కొలత దగ్గర కత్తెరతో రెండు సెంటీమీటర్లు కోసి, మిగతాది చేత్తో చింపండి. చింపితే బట్ట పేకపోగు వెంట తిన్నగా వస్తుంది, కత్తిరిస్తే కన్ను మోసం చేస్తుంది. చింపుతున్నప్పుడు పక్కకు దారి మళ్లితే ఆ చీర అక్కడ బలహీనంగా ఉందన్నమాట, దాన్ని మధ్యపొరకు మార్చండి.

పై పొరకు రెండు ముక్కలు, కింది పొరకు రెండు ముక్కలు పన్నా వైపున కలిపి, 1.5 సెంటీమీటర్లు వదిలి మిషను మీద గానీ చేత్తో గానీ కుట్టండి. అతుకును ఒక పక్కకు మడవకుండా రెండు పక్కలకూ విప్పి ఇస్త్రీ చేయండి. అంచు మందంగా ఉంటే అతికే ముందే కోసేయాలి.

మధ్యపొరలను కుట్టాల్సిన పని లేదు. ముక్కల్ని రెండు సెంటీమీటర్లు ఒకదానిమీద ఒకటి ఎక్కించి పరిస్తే చాలు, పైనుంచి వచ్చే కుట్లే వాటిని పట్టుకుంటాయి. అయితే నాలుగు పొరల అతుకులూ ఒకే చోట పడితే బొంత నడిమధ్య అడ్డంగా కట్ట వేసినట్టవుతుంది, అక్కడ సూది దిగదు. అందుకని ఒక మధ్యపొరలో ముక్కను పన్నా సగానికి చింపి, ఆ సగాలను రెండు చివర్లా, నిండు ముక్కను నడుమా పెట్టండి. అతుకులు తల వైపు ఒకటి, కాళ్ల వైపు ఒకటి పోతాయి. ఇంకో మధ్యపొర అతుకును నడిమి నుంచి మూడు వేళ్లు కిందికి జరిపితే చాలు.

పరవడం

ఈ పని మంచం మీద కుదరదు. హాల్లో సోఫా జరిపి, నేల తుడిచి, ఆరాక మొదలుపెట్టండి. ఫ్లాట్లలో వేసే రెండడుగుల పలకల గీతలు ఇక్కడ బాగా పనికొస్తాయి. కింది పొర అంచును ఒక గీతకు ఆనిస్తే మూలలు మట్టానికి వస్తాయి, వేరే కొలబద్ద అక్కర్లేదు.

కింది పొరను మంచి వైపు నేలకు ఉండేలా పరచి, నాలుగు పక్కలా మాస్కింగ్ టేపుతో నేలకు అంటించండి. బట్ట ముడత లేకుండా ఉండాలి గానీ సాగదీసినట్టు ఉండకూడదు. సాగదీసి అంటిస్తే టేపు తీయగానే అది వెనక్కి పోతుంది, పై పొరలు సంచిలా వదులవుతాయి. బొంతలు పాడవడానికి ఇదే పెద్ద కారణం, కుట్టంతా అయ్యాక గానీ బయటపడదు. దీని మీద రెండు మధ్యపొరలు, ఆపైన పై పొర మంచి వైపు పైకి. ఒక్కో పొర వేసినప్పుడల్లా అరచేత్తో మధ్య నుంచి అంచులకు నిమరండి. అంచుల నుంచి లోపలికి నిమిరితే గాలి నడుమ చిక్కుకుంటుంది.

ఇప్పుడు పొరలు కదలకుండా కచ్చా కుట్టు వేయాలి. దీనికి ఏ దారమైనా ఫర్వాలేదు, తర్వాత తీసేసేదే. నడిమి నుంచి మొదలుపెట్టి నాలుగు అంచులకు, తర్వాత నాలుగు మూలలకు, వేళ్లంత పొడుగు కుట్లు వేయండి. ఆపైన జానెడు దూరంలో అడ్డంగా, నిలువుగా గళ్లు. ఒంగి కుట్టలేనివాళ్లు జానెడుకొక పిన్నీసు పెట్టుకోవచ్చు. ఎన్ని పెట్టారో కాగితం మీద రాసుకోండి, తీసేటప్పుడు అన్నీ వచ్చాయని లెక్క సరిపోవాలి. పసిపిల్లలున్న ఇంట్లో పిన్నీసుల జోలికి పోకపోవడమే మంచిది.

కచ్చా కుట్టు అయ్యాక టేపు తీసి బొంతను తిరగేసి చూడండి. కింద ముడత కనిపిస్తే ఆ మేరకు విప్పి సరిచేయడానికి పది నిమిషాలు పడుతుంది. ఇప్పుడు బద్ధకిస్తే రేపు అరవై వరుసలు విప్పాలి.

కుట్టు

వరుసలన్నీ పొడవు వెంటే వేయండి, గళ్లు వద్దు. ఒకే దిశలో కుట్టిన బొంత ఒంటికి చుట్టుకుంటుంది, గళ్లు కుట్టినది బిరుసుగా నిలబడుతుంది. మొదటి వరుస నడిమధ్యన. అక్కడి నుంచి కుడి అంచు దాకా వెళ్లి, మళ్లీ మధ్యకు వచ్చి ఎడమ అంచుకు. ఒక అంచు నుంచి మొదలుపెట్టి రెండో అంచుకు పోతే మిగులు బట్టంతా ముందుకు నెట్టుకుంటూ వెళ్లి చివరికి ఒక గుత్తిగా పోగవుతుంది.

గీత కోసం దర్జీ సుద్ద వాడండి. లేదా 2.5 సెంటీమీటర్ల మాస్కింగ్ టేపును బొంత పొడవునా అంటించి, దాని పక్కనే కుట్టుకుంటూ పోయి, తీసి పక్క వరుసకు జరపండి. టేపును రాత్రంతా బట్టమీద వదలవద్దు, జిగురు మిగులుతుంది. బాల్‌పెన్నుతో గీయవద్దు, ఉతికితే పాకుతుంది.

దారం మూరన్నరకు మించి ఎక్కించకండి. మాటిమాటికీ ఎక్కించడం బద్ధకమని బారెడు తీస్తే, అది బట్టలోంచి దూరి దూరి నూగు లేచి మధ్యలో పీలికలవుతుంది. ఒంటిపేటే చాలు. చివర చిన్న ముడి వేసి, మొదలుపెట్టే చోటికి అంగుళం ముందు పై పొరలోంచి మాత్రమే సూది దింపి, గీత మీద పైకి తీయండి. దారాన్ని చిన్నగా గుంజితే ముడి పై పొరలోంచి లోపలికి దూరిపోతుంది. ముడి బయట ఉంటే ఏదో ఒక రోజు కాలిగోరుకు తగులుకుంటుంది.

కుట్టు సాదా కుట్టే, పైకీ కిందికీ. పైన కనిపించే కుట్టు బియ్యపుగింజంత, అంటే అయిదారు మిల్లీమీటర్లు ఉండి, మధ్య ఖాళీ కూడా అంతే ఉంటే చాలు. ఎడమచెయ్యి బొంత కింద ఉండాలి. సూది మొన కింద వేలికి తగిలిందంటే నాలుగు పొరలూ దాటినట్టు, తగలగానే పైకి తిప్పాలి. సూదిని నిటారుగా దించండి. ఏటవాలుగా దించితే పైన చిన్న కుట్టు కనిపిస్తుంది గానీ కింది పొరను పట్టుకోదు. అలవాటయ్యాక మూడు నాలుగు కుట్లు సూదిమీద ఎక్కించి ఒకేసారి లాగొచ్చు. మొదటి రెండు రోజులూ ఒక్కోటే. వేలికి గుచ్చుకుని రక్తం మరక పడితే వెంటనే చన్నీళ్లతో అద్దండి, వేడినీళ్లు తగిలితే మరక అక్కడే ఉండిపోతుంది.

దారాన్ని ఎంత బిగించాలన్నదే చేతికి రావలసిన విద్య. ఒక జానెడు కుట్టాక వరుసను రెండు చేతులా పట్టుకుని మెల్లగా సాగదీయండి. దారం టిక్కుమంటే బిగువెక్కువ. పైన ఉంగరంలా లేస్తే వదులు. కాస్త గరుకుగా, చిన్న చిన్న అలలు తేలడం బొంతకు అందమే, ఆ అలల్లోనే గాలి నిలిచి వెచ్చదనం వస్తుంది. కానీ పది వరుసలకొకసారి పొడవు కొలవండి. కుట్టిన చోట కుట్టని చోటికంటే నాలుగైదు సెంటీమీటర్లకు మించి తగ్గితే చెయ్యి బిగిస్తోందన్నమాట, వదులు చేయండి.

దారం అయిపోవస్తే అదే చోట రెండు చిన్న కుట్లు ఒకదానిమీద ఒకటి వేసి, సూదిని పొరల మధ్య అంగుళం మేర నడిపించి బయటికి తీసి, దగ్గరగా కత్తిరించండి. తోక లోపల దాక్కుంటుంది.

బట్టను బిగించే చట్రం అక్కర్లేదు, అరిగిన బట్టను అది గుండ్రంగా సాగదీస్తుంది. నేలమీద చాప వేసుకుని, కుట్టిన భాగం మోకాళ్ల కింద ఉంచుకుంటే కావలసినంత బిగువు దానంతటదే వస్తుంది. నేలమీద కూర్చోలేనివాళ్లకు డైనింగ్ టేబులు. బొంత బరువు కిందికి వేలాడకుండా పక్క కుర్చీమీద వేయండి, వేలాడితే పొరలు జరుగుతాయి.

కుట్టు మధ్యలో ఎక్కడైనా పై పొర బుడగలా లేస్తే భయపడి విప్పకండి. ఆ మిగులును చుట్టూ నాలుగైదు వరుసల్లో కొంచెం కొంచెంగా పంచుకుంటూ వేలితో నొక్కి కుట్టేస్తే ఉతికాక తెలియదు. బుడగ అరచేతికంటే పెద్దదైతే మాత్రం అక్కడ కచ్చా కుట్టు తెగి ఉంటుంది. విప్పి, మళ్లీ పరవాల్సిందే.

అంచు

వరుసలు పూర్తయ్యాక కచ్చా కుట్లు తీసేసి, నాలుగు పక్కలా తిన్నగా కత్తిరించండి. చుట్టుకొలత 7.3 మీటర్లు. మూలలకూ అతుకులకూ కలిపి 7.7 మీటర్ల పట్టీ కావాలి, ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పుతో. మొదట్లో దాచమన్న చీర అంచులు ఇందుకే. చీర ఒళ్లంతా పోయినా నడుము దగ్గర దోపుకునే పై అంచు గట్టిగానే ఉంటుంది. నేలకు రాసుకున్న కింది అంచు తీసుకోవద్దు. రెండు చీరల పై అంచులు సరిపోతాయి, మిగులుతాయి కూడా.

పట్టీలో కత్తిరించిన వైపును బొంత పై భాగాన, మంచి వైపు కిందికి ఉండేలా పెట్టి, అంచుకు సెంటీమీటరు లోపల కుట్టండి. వెనక్కి తిప్పి, గట్టంచు (నేతలోనే వచ్చిన అంచు) వైపును వెనకభాగాన హెమ్మింగ్ చేయండి. గట్టంచుకు పోగులు రావు కాబట్టి అటువైపు మడతే అక్కర్లేదు. మూల దగ్గర పట్టీని ఏటవాలుగా మడిచి, ఆ మడతను కూడా నాలుగు కుట్లతో పట్టండి. తల వైపు అంచు అన్నిటికంటే ముందు మాస్తుంది, చిరుగుతుంది. అక్కడ పట్టీని రెండు వరుసలు కుట్టండి.

ముక్కల బొంత కుట్టాలంటే

ఉత్తర కర్ణాటకలో ఇలాంటిదాన్నే కౌది అంటారు. అందులో పై పొర ఒకే చీర కాదు, రంగురంగుల ముక్కల అతుకు. మీకూ అలా కావాలంటే కింది మూడు పొరలూ పైన చెప్పినట్టే పరచి కచ్చా కుట్టు వేసి, పైన ముక్కల్ని సెంటీమీటరు లోపలికి మడిచి ఒకదానిమీద ఒకటి ఎక్కించి కుట్టుకుంటూ పోవాలి. ఉత్తర కన్నడ జిల్లాలో యల్లాపుర, హళియాళ చుట్టుపక్కల ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్ది తెగ స్త్రీలు తమ ముక్కల బొంతను, అంటే కవందిని, మూలనుంచి మొదలుపెట్టి, అంచు వెంట చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టి, నడిమిలో ముగిస్తారు. మూలల్లో బట్టను మడిచి చేసిన చిన్న పువ్వులు పెడతారు. చూడ్డానికి అద్భుతం, కానీ బట్ట మిగులును లోపలికి నెట్టుకుంటూ వచ్చి నడిమిలో సర్దడం చెయ్యి తిరిగినవాళ్లకే సాధ్యం. మొదటి బొంతకు వద్దు.

ముక్కలకు పాత టీషర్టులు వాడవద్దు, సాగుతాయి. జీన్సు మందం, నాలుగు పొరలతో కలిస్తే సూది విరుగుతుంది. పిల్లల నూలు గౌన్లు, లుంగీలు, పంచెలు చక్కగా సరిపోతాయి.

మొత్తం మిషను మీద కుట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. ఇంటి మిషను మామూలు పాదంతో పై పొరను ముందుకు తోస్తుంది, కింది పొర వెనకబడుతుంది. పై పొరను కూడా లాగే వాకింగ్ ఫుట్ బిగించి, పాదం ఒత్తిడి తగ్గించి, కుట్టు పొడవు మూడున్నర మిల్లీమీటర్లకు పెట్టుకుంటే నాలుగు పొరలు నడుస్తాయి. పని రెండు రోజుల్లో అయిపోతుంది. మెత్తదనం మాత్రం చేతికుట్టుకు వచ్చినట్టు రాదు. మిషను కుట్టు గట్టి గీతలా కూర్చుంటుంది, పొరలకు కదలిక ఉండదు. అంచుకు మిషను, నడుమకు చెయ్యి, ఇదే మా సలహా.

ఉతకడం, దాచడం

తడిసిన బొంత మూడు కిలోలదాకా బరువెక్కుతుంది. మిషనులో వేస్తే జెంటిల్ మీద, చన్నీళ్లతో, వేరే బట్టలు కలపకుండా. చేత్తో అయితే తొట్టిలో కాళ్లతో తొక్కండి, మెలిపెట్టి పిండకండి. పిండితే కుట్లు తెగేది అప్పుడే. నీళ్లు కారిపోయేదాకా బకెట్టు అంచున వేసి, తర్వాత రెండు తీగల మీద పరచినట్టు వేయండి. ఒకే తీగమీద వేస్తే నీటి బరువంతా మడత దగ్గర పడి అక్కడ సాగుతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా బెంగళూరు బాల్కనీలో ఇది రెండు రోజులైనా ఆరదు, ముక్కవాసన పట్టుకుంటుంది. ఫిబ్రవరి, మార్చి ఎండలో ఏడాదికొక మంచి ఉతుకు, మిగతా రోజుల్లో నెలకోసారి గంటసేపు ఎండ చూపించడం, అది చాలు.

దాచేటప్పుడు ప్లాస్టిక్ సంచి వద్దు, తేమ లోపలే నిలిచి నల్లమచ్చలు వస్తాయి. పాత దిండుగలీబులో పెట్టి, ఎండిన వేపాకు గుడ్డలో కట్టి పక్కన ఉంచండి. మడత ప్రతిసారీ ఒకేచోట పడకుండా, ఒకసారి మూడు మడతలు, ఒకసారి నాలుగు వేయండి.

ఎక్కడైనా చిరిగితే చిరుగును దగ్గరకు లాగి కుట్టకండి, చుట్టూ బట్ట గుంజుకుని పక్కన ఇంకోచోట చిరుగుతుంది. చిరుగుకంటే నాలుగు వేళ్లు పెద్ద ముక్క తీసుకుని, అంచులు మడిచి పైన వేసి, కింది పొరదాకా దిగేలా పాత వరుసల వెంటే కుట్టండి. లెక్కలో మిగిలిన తొమ్మిదో ముక్కను ఇందుకోసమే బొంతతోపాటు దాచి పెట్టుకోండి. బొంతను ఉతికినప్పుడల్లా దాన్నీ ఉతికితే, రేపు మాసిక వేసినప్పుడు రంగు కలుస్తుంది.